కొన్న తుపాకి మేలా? చేయించిన తుపాకి మేలా?

మగ్గం చీర మంచిదా, మిల్లు చీర మంచిదా అన్న తగువు మన ఇళ్ళలో ఎప్పటికీ తెగదు. నగల సంగతీ అంతే. కొట్లో అద్దాల బీరువాలోంచి ఎంచి తెచ్చుకునేవారు కొందరు. ఇంటి కంసాలికి తూకం చెప్పి చేయించుకునేవారు కొందరు. తుపాకుల లోకంలో కూడా సరిగ్గా ఇదే తగువు వున్నదంటే ఆడవారు నవ్వుతారేమో! పేరుమోసిన కంపెనీవారు చేసిపెట్టిన రైఫిలును కొట్లో కొనడమా, లేక గొట్టం ఒక చోటినుంచీ, మడమ కర్ర మరొక చోటినుంచీ తెప్పించి, మన భుజానికీ మన కంటికీ సరిపడేలా పనివాడిచేత కట్టించుకోవడమా? వేట సాగే దేశాలలో మగవాళ్ళు ఈ విషయమై రాత్రిళ్ళు మేలుకుని మరీ వాదించుకుంటారు.

మన దేశంలో వేట ముచ్చట 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముగిసింది. మరి మనకెందుకీ గొడవ అంటారా? రెండు కారణాలున్నాయి. మొదటిది, కృష్ణా డెల్టాలోని పాత లోగిళ్ళలో, తాతగారి పట్టుపంచెల పక్కన, ఆయన తుపాకి ఇంకా వుంది. రెండవది, మన పిల్లలు అమెరికాలో కాపురాలున్నారు. అక్కడ వేట చట్టసమ్మతం. ఈ రెండు కారణాలూ కలిసి ఒకే వారంలో మా ఇంటి గడప తొక్కాయి గనుకనే ఈ వ్యాసం.

మా పెదనాన్నగారిది రేపల్లె. ఆయన కాలం చేసి నెల తిరిగింది. ఆయన కుమారుడు, నాకు వరసకు అన్నయ్య, బాపట్లలో వుంటాడు. అన్నయ్య కొడుకు టెక్సాస్‌లో ఉద్యోగం. తాతగారి కర్మకు వచ్చిన ఆ కుర్రవాడు, తిరుగు ప్రయాణానికి ముందు తెనాలిలో మా ఇంటికి వచ్చి, "బాబాయ్, నువ్వు చిన్నప్పుడు తాతయ్య వెంట తిరిగినవాడివి గదా! నేను అక్కడ జింకల వేటకి ఒక రైఫిలు తీసుకుందామనుకుంటున్నాను. కంపెనీది కొనమంటావా, కట్టించుకోమంటావా? తాతయ్య తుపాకి మాటేమిటి?" అని అడిగాడు.

పెద్దమ్మ అడిగిన ప్రశ్న వేరు. "ఏరా, ఆ బీరువాలో తుపాకి వుండగా నాకు కంటిమీద కునుకు రావడం లేదు. ఇప్పుడది ఎవరిది? ఎవరైనా వచ్చి అడిగితే నేనేం చెప్పను?" అన్నదావిడ.

కుర్రవాడి ప్రశ్న సరదా ప్రశ్న. పెద్దమ్మది అసలు ప్రశ్న. వరసలో రెండూ చెబుతాను.

మాగాణికి తగిన ఆయుధం

మనవైపు "తుపాకి రాముడి కోతలు" అని సామెతగా అంటారు. ఖాకీ కోటు, నెత్తిన టోపీ, భుజాన కర్ర తుపాకి వేసుకుని వీధుల్లోకి వచ్చే పిట్టలదొర వేషగాడు, తాను కొట్టిన పులుల లెక్క చెప్పి పిల్లల్ని నవ్వించేవాడు. ఆ వేషానికి పిట్టలదొర అన్న పేరు వుండడంలో ఒక నిజం వుంది. మన డెల్టాలో తుపాకి పట్టినవారు చాలామంది పిట్టల వేటగాళ్ళే. పులి ఇక్కడ ఎక్కడిది?

1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలవలు పారాక, తెనాలి చుట్టూ కనుచూపుమేర మాగాణి అయింది. రేపల్లె దాటి దిగువకు పోతే కృష్ణ సముద్రంలో కలిసేచోట మడ అడవులు, ఉప్పుటేళ్ళు. బాపట్ల పక్కన సూర్యలంక ఇసుక, తాడితోపులు. కార్తీకం వచ్చేసరికి ఉత్తర దేశాలనుంచి పరజలు, బాతులు గుంపులు గుంపులుగా ఈ నీళ్ళమీద వాలతాయి. ఇటువంటి చోట రైఫిలు పనికిరాదు. ఎందుకో వినండి.

రైఫిలు గొట్టం లోపల మెలితిరిగిన గాడులుంటాయి. గుండు ఆ గాడులవెంట బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. అందుకే వంకర పోకుండా చాలా దూరం పోతుంది. అతి చిన్నదైన పాయింట్ 22 రైఫిలు గుండు సైతం ఒక మైలు దాటి పోగలదు. సైన్యంలో వాడిన పాయింట్ 303 గుండయితే ఇంకా ఎక్కువ దూరం పోతుంది. కొండల దేశంలో తప్పిన గుండును కొండ ఆపుతుంది. తెనాలి రేపల్లెల మధ్య కొండ ఏదీ? గురి తప్పితే అవతలి ఊళ్ళో నాట్లు వేసే మనిషికి తగలాలి. "పిచ్చుకమీద బ్రహ్మాస్త్రం" అనే మాట ఇక్కడ అక్షరాలా నిజం.

అందుకని మనవాళ్ళు గాడులు లేని నున్నని గొట్టం తుపాకినే పట్టారు. ఒక్క తూటాలో వందలకొద్దీ సీసపు రవ్వలుంటాయి. అవి నలభై గజాలలోపు పని చేస్తాయి. రెండు మూడు వందల గజాలకు జోరు చచ్చి రాలిపోతాయి. దీనికే పన్నెండు బోరు అని పేరు. ఈ పన్నెండు ఏమిటని చాలామందికి సందేహం. ఒక పౌను సీసాన్ని పన్నెండు సమానమైన గుళ్ళుగా పోస్తే ఒక్కొక్క గుండు ఎంత లావుంటుందో గొట్టం లోపలి వెడల్పు అంత: అంగుళంలో 729 వేల వంతులు, అనగా సుమారు పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. బోరు అంకె పెరిగినకొద్దీ గొట్టం సన్నబడుతుంది. పదహారు బోరుకంటే పన్నెండు లావు. రవ్వ లెక్క కూడా తలకిందులే. నాలుగో నెంబరు రవ్వ పెద్దది, ఎనిమిదో నెంబరు రవ్వ చిన్నది.

పేరులో ఏముంది?

పాతరోజుల్లో ఈ తుపాకులు చాలావరకు ఇంగ్లండునుంచి వచ్చేవి. బర్మింగ్‌హామ్ నగరం వాటికి పుట్టినిల్లు. 1812లో మొదలైన వెస్ట్‌లీ రిచర్డ్స్, తరువాత గ్రీనర్, వెబ్లీ అండ్ స్కాట్, 1861లో పుట్టిన బి.ఎస్.ఏ. అన్నీ ఆ ఊరివే. లండన్ దొరల కొట్లు వేరు: 1814 నాటి పర్డీ, 1835 నాటి హాలెండ్ అండ్ హాలెండ్. కలకత్తాలో మాంటన్, రోడా కంపెనీలు వీటిని అమ్మేవి. 1914లో బెంగాలు విప్లవకారులు యాభై మౌజర్ పిస్తోళ్ళను ఎత్తుకుపోయింది ఆ రోడా కంపెనీ సరుకులోనుంచే.

పేరు చూసి కొనేవాడు ఏం కొంటున్నాడు? మూడు కొంటున్నాడు. మొదటిది పరీక్ష. ఇంగ్లండులో అమ్మే ప్రతి గొట్టాన్నీ మామూలుకన్న ఎక్కువ మందు దట్టించి పేల్చి చూసి, నిలిచినదానిమీద ముద్ర కొట్టాలని చట్టం. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813నుంచీ ఆ పని చేస్తూవుంది. బంగారానికి హాల్‌మార్కు ఎటువంటిదో గొట్టం అడుగున వుండే ఆ ముద్ర అటువంటిది. రెండవది, విడిభాగం. మూడవది, తూటా. ఎంత గొప్ప తుపాకి అయినా దానికి సరిపడే తూటా బజారులో దొరక్కపోతే అది ఇనపకడ్డీతో సమానం. మన పెద్దలు పన్నెండు బోరును పట్టుకు వేళ్ళాడడంలో వున్న తెలివి ఇదే: దానికి తూటా ఎక్కడైనా దొరికేది.

చేయించుకోవడమంటే...

చేయించిన తుపాకి గొప్పతనం చాలామంది అనుకున్నట్టు దాని చెక్కడపు పనిలో లేదు, కొలతల్లో వుంది. దర్జీ మనకు చొక్కా కొలత తీసినట్టే తుపాకి పనివాడు మనిషి కొలత తీస్తాడు. మీటనుంచి మడమ చివరకు ఎంత దూరం, చెంప ఆనేచోట కర్ర ఎంత కిందికి వంగాలి, కుడిచేతివాడికి కుడివైపుకు, ఎడమచేతివాడికి ఎడమవైపుకు ఎంత ఓర వుండాలి, ఇవన్నీ చూస్తాడు. ఇందుకు అటూ ఇటూ జరిగే కీళ్ళున్న ఒక కొలత తుపాకి వుంటుంది. కొలత కుదిరిన తుపాకి ఎత్తి భుజాన పెట్టగానే, కన్ను వెతక్కుండానే గొట్టం గురివైపు చూస్తుంది. కుదరనిది ఎంత ఖరీదు పెట్టినా దవడమీద తంతుంది.

మడమకు అక్రోటు కర్ర వాడతారు. గట్టిగా వుంటూనే తేలిక, తేమకు తొందరగా వంకర పోదు, దెబ్బకు చీలదు. ఏళ్ళ తరబడి ఆరబెట్టిన దుంగే పనికివస్తుంది. పచ్చి కర్రతో చేసినదానికి మన సముద్రపు గాలి తగిలితే, వానాకాలానికి ఒక గురి, ఎండాకాలానికి ఒక గురి!

జంట గొట్టాల రైఫిలు చేయించడంలో ఇంకా పెద్ద కిటుకు వుంది. రెండు గొట్టాలనూ చూపుకు సమంగా అతికిస్తే రెండు గుళ్ళూ రెండుచోట్ల తగులుతాయి. తుపాకి అదిరేటప్పుడు కుడి గొట్టం కుడికీ, ఎడమ గొట్టం ఎడమకూ తన్నుకుపోవడమే కారణం. అందుకని గొట్టాలను మూతి దగ్గర కాస్త దగ్గరకు చేర్చి, మధ్యన సన్నని చీల పెట్టి, పేల్చి చూసి, అతుకు కరిగించి, చీల జరిపి, మళ్ళీ పేల్చి చూస్తారు. రెండు గుళ్ళూ ఒకే చోటికి చేరేదాకా ఇదే పని. ఇటువంటి జంట రైఫిలు ఖరీదు ఆరోజుల్లో సంస్థానాధీశులకు తప్ప సామాన్యుడికి అందేది కాదు. షికారీగా పేరుపడ్డ ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ వంటివారి సంగతి వేరు.

ఇద్దరు వేటగాళ్ళ సాక్ష్యం

ఏ పద్ధతి మేలో తేల్చడానికి ఇద్దరు ప్రసిద్ధ వేటగాళ్ళను సాక్షులుగా పిలుద్దాం. కుమావూఁ కొండల్లో మనుషుల్ని తినే పులులను చంపిన జిమ్ కార్బెట్ మొదటివాడు. 1907లో చంపావత్ ఆడపులిని చంపినందుకు ఆయనకు బహుమానంగా లండన్ రిగ్బీ కంపెనీ వారి 275 రైఫిలు లభించింది. దాని లోపలి యంత్రం జర్మనీ మౌజరు వారిది. ఆ యంత్రాన్ని తెప్పించుకుని, గొట్టమూ మడమా అమర్చి, గురి సరిచేసింది రిగ్బీ వారు. అనగా కొన్నదానికీ చేయించినదానికీ మధ్య రకం. ఈనాడు "కట్టించిన రైఫిలు" అంటే నూటికి తొంభైపాళ్ళు ఈ పద్ధతే.

రెండవ సాక్షి బెంగుళూరు వాస్తవ్యుడు కెన్నెత్ ఆండర్సన్. ఆనాటి చిత్తూరు జిల్లా చామల లోయ, మామండూరు అడవులలో తిరిగి, ఆ కథలు వ్రాసి మనవైపు అడవులకు ఖ్యాతి తెచ్చినవాడు. ఆయన చేతిలోది 1895 నమూనా వించెస్టర్, 405 తూటాది. అమెరికాలో యంత్రాలమీద వేలకొద్దీ తయారైన కొట్టు సరుకు! ఇద్దరి గురీ ఇద్దరికీ కుదిరింది. పులి రెండు పేర్లలో దేన్నీ చదవలేదు.

స్వదేశీ పక్షాన చెప్పుకోవలసినది 315 రైఫిలు. ఇది ఇచ్ఛాపూరు ఫ్యాక్టరీది. ఇచ్ఛాపురం అనగానే మన శ్రీకాకుళం వైపు చూడకండి. ఇది బెంగాలులో, కలకత్తాకు ఎగువన వున్న ఊరు. 315 అన్న వింత అంకె ఎక్కడినుంచి వచ్చిందంటే దానికొక కథ వుంది. సైన్యం తూటా తిరుగుబాటుదారుల చేతిలో పడకూడదని తెల్లదొరలు సైన్యం వాడే కొలతలను ప్రజలకు నిషేధించారు. 450 కొలత పోయింది. దాని బదులు 470, 465 వంటి కొత్త కొలతలు పుట్టుకొచ్చాయి. అదేవిధంగా 303 వద్దన్నారు గనుక, ఆ సైనిక రైఫిలు యంత్రానికే 315 గొట్టం తగిలించారు. ఇంగ్లండులో బి.ఎస్.ఏ. వారు చేసినదీ, స్వతంత్రం వచ్చాక మన ప్రభుత్వ ఫ్యాక్టరీ చేసినదీ ఇదే. 1980ల మధ్యనుంచి విదేశీ తుపాకుల దిగుమతిని మామూలు మనుషులకు ఆపేశారు. దాంతో పాత ఇంగ్లీషు తుపాకి ధర ఆకాశానికంటింది. స్వదేశీ తుపాకికి గిరాకీ నిలిచింది. 2021లో ఆ ఫ్యాక్టరీల బోర్డును రద్దు చేసి ఏడు కంపెనీలుగా విభజించారు. ఇచ్ఛాపూరు ఇప్పుడు వాటిలో ఒకదాని కింద వుంది.

టెక్సాస్ జింకకు ఏది తగును?

ఇక మా కుర్రవాడి ప్రశ్న. అక్కడ లైసెన్సు తీసుకుని, వేటగాళ్ళ శిక్షణ ముగించుకుని, అనుమతించిన కాలంలో జింకను కొట్టవచ్చు. కొట్లో వరసగా పేర్లు: 1936నాటి వించెస్టర్ 70, 1962నాటి రెమింగ్టన్ 700, రూగర్, సావేజ్, ఫిన్లండు దేశపు టిక్కా. ఒక్కొక్కదానికి 308 అనీ, 30-06 అనీ, 270 అనీ తూటాల కొలతలు. మతిపోయేటంత ఎంపిక!

నేను అతనికి చెప్పినది ఇంతే. "ఒరేయ్, ముందు లెక్క చూడు. ఈకాలపు మామూలు కంపెనీ రైఫిలు నూరు గజాల దూరాన మూడు గుళ్ళను ఒకటి రెండు అంగుళాల మేరలో పెడుతుంది. జింకకు ఆయువుపట్టు ఎనిమిదంగుళాల మేర వుంటుంది. నువ్వు నిలబడి పేలిస్తే నీ చేతి వణుకు ఆరంగుళాలు. తప్పు తుపాకిలో ఎంత, నీలో ఎంత? కట్టించిన రైఫిలు ఆ అంగుళాన్ని అరంగుళం చేస్తుంది. నీ ఆరంగుళాలను ఏమీ చేయదు. ఆ డబ్బుతో తూటాలు కొని సాధన చెయ్యి."

"అయితే కట్టించడం దండగేనా, బాబాయ్?"

"దండగ కాదు. నువ్వు ఎడమచేతివాడివి. కంపెనీలో ఎడమచేతి రకం వుందేమో అడుగు. లేకపోతే అప్పుడు కట్టించు. మనిషి మరీ పొట్టిగానో పొడుగుగానో వుంటే మడమ ఒక్కటీ కొలతకు చేయించుకుంటే చాలు. గొట్టం దగ్గరనుంచీ కట్టించుకోవడం, పదేళ్ళు పేల్చి తనకేం కావాలో తెలిసినవాడి పని. ఇంకొక మాట. రెండువందలేళ్ళ పేరున్న రెమింగ్టన్ 2018లో ఒకసారి, 2020లో మరొకసారి దివాలా తీసింది. పేరు చూసి మోజుపడకు. మీ ఊరి కొట్లో ఏ తూటా ఎప్పుడూ దొరుకుతుందో చూసి, ఆ తూటా పేల్చే రైఫిలు కొను."

ఊరి కమ్మరి చేస్తే?

టెక్సాస్‌లో కట్టించుకోవచ్చు గదా అని మన ఊళ్ళో ఎవరైనా నీళ్ళ గొట్టం పట్టుకుని కమ్మరి కొలిమి దగ్గరకు పోతే ప్రాణానికే ముప్పు. పన్నెండు బోరు తూటా పేలినప్పుడు లోపలి ఒత్తిడి ప్రతి చదరపు అంగుళానికీ పదివేల పౌన్లదాకా వుంటుంది. నేటి రైఫిలులో యాభైవేలు దాటుతుంది. నీళ్ళ గొట్టం దీనికి పుట్టలేదు. అది చీలేది పేల్చేవాడి ఎడమచేతి దగ్గర, ముఖానికి జానెడు దూరంలో.

చట్టమూ ఊరుకోదు. 1959 ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారుచేయడం నేరం. 2019 సవరణ తరువాత దానికి కనీసం ఏడేళ్ళు, హెచ్చుపక్షం యావజ్జీవం శిక్ష. వున్న తుపాకి గొట్టం కోసి పొట్టిచేయించినా నేరమే.

పెదనాన్నగారి బీరువా

ఇప్పుడు పెద్దమ్మ ప్రశ్నకు వద్దాం. ఇది ఎన్నో ఇళ్ళ ప్రశ్న. లైసెన్సు మనిషిది, తుపాకిది కాదు. మనిషి పోగానే ఆ కాగితం చెల్లదు. తరువాత ఆ తుపాకి ఇంట్లో వుంటే, తాళం ఎవరి కొంగున వుందో వారు చిక్కులో పడతారు. "మావారిది గదా" అన్న మాట చట్టం వినదు. అందుచేత ఆలస్యం చేయకుండా తుపాకినీ తూటాలనూ దగ్గరి పోలీసు స్టేషనులోగాని, లైసెన్సు వున్న ఆయుధాల కొట్టులోగాని జమ కట్టి రసీదు తీసుకోవాలి. ఇది తుపాకి పోగొట్టుకోవడం కాదు. బ్యాంకులో నగలు పెట్టినట్టే.

ఆపైన మూడు దారులున్నాయి. 2016 ఆయుధ నియమావళిలో వారసుడు తన పేర లైసెన్సు కోరే వీలుంది. ఆయన బ్రతికివుండగానే, డెబ్బై ఏళ్ళు నిండినా, ఇరవై అయిదేళ్ళు ఆ తుపాకి ఆయన పేర వున్నా, వారసుడికి మార్పించవచ్చు. ముందుచూపున్న పెద్దలు ఈ పని తామే చేయించి వెళితే ఇంటివారికి ఎంత నిశ్చింత! రెండవ దారి, లైసెన్సున్న కొట్టు ద్వారా అమ్మడం. మూడవది, ప్రభుత్వానికి ఒప్పగించడం. ఒక మనిషి పేర రెండు తుపాకులకు మించి వుండకూడదని 2019లో సవరించారు. అంతకుముందు మూడు వుండేవి. వారసత్వంగా వచ్చినా ఆ రెండే. లైసెన్సు గడువు అయిదేళ్ళు.

మర్నాడే అన్నయ్య బాపట్లనుంచి వచ్చాడు. ముగ్గురం కలిసి బీరువా తెరిచాం. తుపాకి బర్మింగ్‌హామ్ చేత, జంట గొట్టం. ఒక్కసారి విప్పి లోపలికి చూస్తే తూటా లేదు. అది మొట్టమొదట చూడవలసిన విషయం. గొట్టం పైన మెలివేసిన ఇనపతీగల గీతలు, పాము చర్మంలా. దీన్ని డమాస్కస్ పని అంటారు. ఇనుమూ ఉక్కూ పట్టీలను జడలా అల్లి, కడ్డీకి చుట్టి, కొలిమిలో అతికించిన పాతకాలపు పనితనం. చూడడానికి అందం, పేల్చడానికి ప్రమాదం. ఇవి నల్లమందు రోజులవి. ఈనాటి పొగలేని మందు తూటాకు నిలుస్తాయని నమ్మరాదు. పైగా తూటా గది రెండున్నర అంగుళాలది. నేటి తూటా చాలావరకు రెండుముప్పావు. లోపలికి సుఖంగా దూరుతుంది. పేలినప్పుడు విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. "తాతయ్యది గదా, ఒకసారి పేల్చి చూద్దాం" అనే మనుమలకు ఈ రెండు మాటలూ కాగితంమీద వ్రాసి ఇవ్వాలి.

తోలు సంచిలో పెట్టడంచేత గొట్టం అడుగున తుప్పు పట్టింది. తోలు తేమను పీల్చి పట్టుకుంటుంది. రేపల్లె, బాపట్ల వంటి ఉప్పుగాలి ఊళ్ళలో తుపాకిని తోలులో పెట్టడమంటే ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టడమే.

అన్నయ్య కాసేపు దాన్ని చేత పట్టుకుని కూర్చున్నాడు. వారసుడుగా లైసెన్సుకు అర్జీ పెట్టడానికి అతనికి హక్కు వుంది. పెద్దమ్మ ఒక్కటే అన్నది: "మీ నాన్న దాన్ని పట్టుకుని ఎన్నో ఏళ్ళయింది. నీకు పట్టడమే రాదు. ఇంట్లో పసివాళ్ళు తిరుగుతుంటారు. గుర్తుగా వుంచుకోవడానికి ఆయన కళ్ళజోడు లేదా?" దానికి ఎవ్వరమూ బదులు చెప్పలేకపోయాం. ఆ మధ్యాహ్నమే దాన్ని స్టేషనులో జమ కట్టి రసీదు తెచ్చాం. అమ్మకానికి కాగితాలు వేశాం. ఆ రాత్రి పెద్దమ్మ తొమ్మిదింటికే నిద్రపోయిందని అన్నయ్య టెలిఫోనులో చెప్పాడు.

పిట్టలదొరకు సెలవు

లైసెన్సు వుంటే పిట్టను కొట్టవచ్చునా అని కొందరడుగుతారు. కూడదు. తుపాకి వుంచుకునే అనుమతి వేరు, వేటాడే అనుమతి వేరు. పరజా, బాతూ ఏదైనా సరే, చట్టం రక్షణలో వుంది. గాలి తుపాకితో కొట్టినా నేరం నేరమే. రేపల్లె దిగువన మడ అడవులు కృష్ణా అభయారణ్యంలోనివి. అక్కడ చేపల్ని పట్టి తినే బావురుపిల్లి వుంది. చట్టం దానికి పులితో సమానమైన రక్షణ ఇచ్చింది. గుంటూరు దగ్గర ఉప్పలపాడు చెరువుకు పోయి చూడండి. గూడబాతులూ, ఎర్రకాళ్ళ కొంగలూ చెట్లమీద గూళ్ళు కట్టి పిల్లల్ని పెంచుతూవుంటే ఊరివారు కాపలా కాస్తారు. ఒకప్పుడు తుపాకి మోసుకుని ఏ పిట్టలకోసం చేలగట్లవెంట తిరిగేవారో, ఇప్పుడు ఆ పిట్టల్ని చూడడానికే పిల్లల్ని బండెక్కించి తీసుకుపోతున్నారు.

గురిమీద మోజున్న పిల్లలకు దారి లేకపోలేదు. పది మీటర్ల గాలి రైఫిలు పందెం వుంది. గుండు నాలుగున్నర మిల్లీమీటర్లు. ఆ కొలతకు మించకుండా, బలం ఇరవై జౌళ్ళు దాటకుండా వున్న గాలి తుపాకికి లైసెన్సు అక్కరలేదు. 2008లో బీజింగులో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది ఈ పందెంలోనే. 2012లో లండనులో మన హైదరాబాదు కుర్రవాడు గగన్ నారంగ్ కాంస్యం తెచ్చిందీ ఇందులోనే. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బౌ, అన్షుట్జ్ అనే మూడు జర్మను కంపెనీలకు ఇక్కడ పేరు. చిత్రమేమంటే మన తగువు ఇక్కడ తనంతట తానే తీరిపోయింది. ఆ రైఫిలు కంపెనీలో తయారవుతుంది గాని, మడమ, చెంపపట్టీ, పిడి అన్నీ మరలతో జరుగుతాయి. కొట్లో కొని, ఇంటికి తెచ్చి, బిడ్డ కొలతకు బిగించుకోవచ్చు. ఏడాదికేడాది పిల్లవాడు ఎదిగితే రైఫిలూ ఎదుగుతుంది.

కనుక ఏది మేలని అడిగితే నా లెక్క ఇది. మనిషికి కుదిరినది మేలు. పేరు తరువాతి మాట. తూటా దొరికేది మేలు; అందం ఆపైన. కాగితం సరిగా వున్నది అన్నిటికన్న మేలు. మీ ఇంట్లో పాత తుపాకి ఏదైనా వుంటే ఈ ఆదివారం భోజనాలయ్యాక లైసెన్సు పుస్తకం తీసి చూడండి. దానిమీది పేరు గల మనిషి బ్రతికివున్నారా, గడువు మిగిలివుందా అన్నది తేల్చుకోండి. బర్మింగ్‌హామా, ఇచ్ఛాపూరా అన్న వాదన ఆ తరువాత తీరికగా చేసుకోవచ్చు.